ఇంట్లో లాయర్లెవరూ లేకుండా ఎల్‌ఎల్‌బీ చదివేవాళ్లకు: కాలేజీ, ఎన్‌రోల్‌మెంట్, మొదటి మూడేళ్లు

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. బీకాం తెలుగు మీడియంలో చదివి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరావు, ఇప్పుడు రెండో సంవత్సరం, క్లాసులో గడగడా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లను చూస్తే భయంగా ఉంది, అసలు ఎలా చదవాలి అన్నది ఒకటి. ఇంట్లో లాయర్లు లేరు, పాసయ్యాక సీనియర్‌ని ఎలా పట్టుకోవాలి అన్నది రెండోది. మొదట్లో డబ్బులు రావట కదా, ఎలా నెట్టుకురావాలి అన్నది మూడోది. నేను జిల్లా కోర్టులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, ఎక్కువ సివిల్, కొంత క్రిమినల్. మా ఇంట్లోనూ నల్లకోటు వేసిన మొదటివాణ్ని నేనే. చనువుగా నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు.

ఇంగ్లీషు భయం సంగతి తర్వాత చెప్తా. నాతో పాటు చేరిన బ్యాచ్‌లో బాగా మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో సగం మంది ఇప్పుడు కోర్టులో కనిపించరు. మిగిలినవాళ్లలో నాకు తెలిసి అందరికీ ఉన్న అలవాటు ఒక్కటే, చేతికొచ్చిన కాగితం మొదటి లైను నుంచి చివరి సంతకం దాకా చదవడం. అది కోర్టుకొచ్చాక అబ్బదు, ఇప్పుడే పట్టుబడాలి.

నీ బ్యాగులో ఇప్పుడు ఏముందో ఊహించగలను. పరీక్షల గైడు ఒకటి, పై బ్యాచ్ వాళ్లు అండర్‌లైన్ చేసిన జిరాక్సు నోట్సు ఒకటి. వాటితో పాసవుతావు, కాదనను. కానీ బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేకుండా చట్టం అసలు పాఠం మాత్రమే ఉండే పుస్తకం) కొని, రోజుకు ఒక్క సెక్షన్ అయినా దాని అసలు మాటల్లో చదువు. ఉదాహరణకు బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 303 తీయి, దొంగతనం. గైడులో "ఇతరుల ఆస్తిని తీసుకోవడం" అని ఒక్క ముక్కలో ఉంటుంది. సెక్షన్‌లో అలా లేదు. చరాస్తి అయి ఉండాలి, అది ఒకరి స్వాధీనంలో ఉండాలి, వాళ్ల సమ్మతి ఉండకూడదు, దురుద్దేశంతో తీసుకోవాలనుకోవాలి, అందుకోసం దాన్ని కదిలించాలి. స్వాధీనం అంటోంది చూడు, యాజమాన్యం అనడం లేదు. ఇప్పుడు కింద ఉన్న ఉదాహరణల్లోకి వెళ్లు, వాటిని ఎవరూ చదవరు. ఒకడు తన వాచీని బాగుచెయ్యమని ఇచ్చాడు, బాగుచేసినవాడికి డబ్బులు బాకీ ఉన్నాడు, ఆ బాకీకి హామీగా అతను వాచీని చట్టప్రకారం తన దగ్గరే ఉంచుకున్నాడు. వాచీ సొంతదారు ఆ హామీని ఎగ్గొట్టాలని వాచీని తీసేసుకుంటే అది దొంగతనమే. తన వాచీనే దొంగిలించినవాడయ్యాడు! బాకీ లేకుండా బాహాటంగా వచ్చి లాక్కుంటే దొంగతనం కాదు, ఇంకేదైనా నేరం అవుతుందేమో అది వేరే లెక్క. ఈ రెండు ఉదాహరణలు అర్థమైతే స్వాధీనం అంటే ఏంటో జన్మలో మర్చిపోవు.

పరీక్షలో ప్రాబ్లం ప్రశ్న వస్తే రాసే పద్ధతి కూడా ఇదే. సెక్షన్‌ని ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కకు ఎదురుగా ప్రశ్నలో ఇచ్చిన ఫ్యాక్ట్ పెట్టు, ఏ ముక్కకు ఫ్యాక్ట్ దొరకలేదో అక్కడ ఆగి చర్చ చెయ్యి, దానికి తగిన తీర్పు ఒకటి రాయి, చివర్లో తేల్చి చెప్పు. నాలుగు పేజీల చరిత్ర రాసి ఆఖరి రెండు లైన్లలో జవాబు చెప్పేవాళ్లే ఎక్కువ. పేపర్లు దిద్దేవాళ్లకు అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది.

నీ బ్యాచ్ వాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి బీఎన్‌ఎస్, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్, సాక్ష్యాల గురించి చెప్పే ఎవిడెన్స్ యాక్ట్ పోయి బీఎస్‌ఏ వచ్చాయి. పాతవి అక్కర్లేదు అనుకోకు. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు శిక్ష పాత ఐపీసీ సెక్షన్ కిందే, ఆ కేసులు ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి, తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉన్నాయి. నువ్వు రెండూ పక్కపక్కన రాసుకుని చదవాలి. హత్యకు 302 ఇప్పుడు 103, మోసానికి 420 ఇప్పుడు 318లో నాలుగో సబ్‌సెక్షన్. అన్నిటికంటే తమాషా 482ది. పాత సీఆర్‌పీసీలో 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్, అంటే కేసు కొట్టేయమని అడగడం, అది ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌లో 528. కొత్త 482 అంటే ముందస్తు బెయిలు, అది పాత 438. మా బార్‌లో ఇప్పటికీ "482 వేశాం" అంటే ఏ 482 అని ఎదురు అడగాల్సి వస్తోంది.

ఇంగ్లీషు గురించి. భయం అబద్ధం కాదు, జడ్జిమెంట్లు ఇంగ్లీషులోనే ఉంటాయి, డ్రాఫ్టింగు ఇంగ్లీషులోనే. కానీ కోర్టు ఇంగ్లీషు కథల పుస్తకం ఇంగ్లీషు లాంటిది కాదు, ఆ మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. నేను చేసింది చెప్తా. సీనియర్ ఆఫీసులో పాత కేసుల కట్టలు తీసి రోజుకో ప్లెయింటు (కోర్టులో వేసే దావా పత్రం) చేత్తో కాపీ రాసుకున్నాను, ఆరు నెలలు. మూడో నెలకి వాక్యాలు వాటంతటవే వచ్చాయి. నువ్వు కాలేజీలో ఉండగానే రోజుకొక చిన్న తీర్పు చదువు, ఐదారు పేజీలవి. ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో ఉచితం, సుప్రీంకోర్టువి ఆ కోర్టు ఆన్‌లైన్ తీర్పుల సంపుటి ఈఎస్‌సీఆర్‌లో ఉచితం. అదృష్టమేంటంటే ట్రయల్ కోర్టులో సాక్షిని అడిగేది తెలుగులోనే. రికార్డులోకి ఎక్కేది మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులో. అసలు ఆట అక్కడుంది. సాక్షి "నాకు గుర్తులేదండి" అంటే స్టెనో టైపులో "నాకు తెలియదు" అని పడిందనుకో, ఆ రెండూ ఒకటి కాదు, అప్పటికప్పుడు లేచి సరిచేయించాలి. మర్నాడు గుర్తొస్తే లాభం లేదు. పల్లెటూరి సాక్షి మాటలో ఉన్న అర్థం తెలుగు మీడియం వాడికి పట్టుబడినట్టు ఇంకొకరికి పట్టుబడదు, కాబట్టి అంత కుంగిపోనక్కర్లేదు.

మూట్ కోర్టులు (విద్యార్థుల నమూనా వాదనల పోటీలు) ఒకటి రెండు చెయ్యి, నిలబడి మాట్లాడే భయం పోతుంది. ట్రోఫీల కోసం చదువు పాడుచేసుకోకు. ఇంటర్న్‌షిప్పు మూడేళ్ల కోర్సువాళ్లకు కనీసం 12 వారాలు బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది, చాలామంది సర్టిఫికెట్ తెచ్చుకుని మమ అనిపిస్తారు. నువ్వు మాత్రం నిజంగా వెళ్లి కూర్చో.

ఎన్‌రోల్‌మెంట్, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదు, త్వరగా చెప్పేస్తా. ఫీజు జనరల్ వాళ్లకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు ఒక్కో రాష్ట్రంలో వేలకు వేలు పోసేవాళ్లం. తర్వాత ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్, ఎన్‌రోల్ అయిన రెండేళ్లలోపు పాసవ్వాలి. వంద ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు, నోట్స్ లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లొచ్చు, తెలుగులోనూ రాయొచ్చు, జనరల్‌కు 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40. బేర్ యాక్టు తిరగేసే అలవాటు ఉన్నవాడికి ఇది పరీక్షే కాదు. లేనివాడు హాల్లో విషయసూచిక వెతుక్కుంటూ టైమంతా పోగొట్టుకుంటాడు.

ఇక సీనియర్. ఇదే అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం, దీన్నే మనవాళ్లు అన్నిటికంటే తేలిగ్గా తీసుకుంటారు. మామయ్య స్నేహితుడనో, బోర్డు పెద్దదనో చేరిపోతారు. తెలిసినవాళ్లు లేకపోవడం నీకు ఒకందుకు మంచిదే, మొహమాటం లేకుండా ఎంచుకోవచ్చు. ఒక వారం కోర్టు హాళ్లలో వెనక బెంచీలో కూర్చో. ఎవరు ట్రయల్స్ చేస్తున్నారో చూడు, వాయిదాలు తీసుకునేవాళ్లు కాదు, సాక్షిని బోనెక్కించేవాళ్లు, అవతలి పక్షం సాక్షిని క్రాస్ చేసేవాళ్లు, అంటే ఎదురు ప్రశ్నలు వేసేవాళ్లు. వాళ్ల జూనియర్లు పక్కన ఏం చేస్తున్నారో చూడు, కట్ట తెరిచి డాక్యుమెంటు అందిస్తున్నారా, లేక ఫోన్ చూసుకుంటున్నారా. పదిమంది జూనియర్లున్న ఆఫీసులో నీ వంతుకు వాయిదా అడగడమే మిగులుతుంది. ఇద్దరు ముగ్గురు ఉన్న ఆఫీసు మేలు. నచ్చినాయన దొరికితే సాయంత్రం నేరుగా ఆఫీసుకెళ్లి "మీ దగ్గర పని నేర్చుకోవాలనుంది సార్" అని అడుగు. సిఫార్సు లేకుండా వచ్చినవాణ్ని వెనక్కి పంపేవాళ్లు అనుకున్నంత మంది ఉండరు, పంపితే ఇంకో గుమ్మం.

క్రిమినల్ అంటే నీకు ఇష్టమని రాశావు. అయినా మొదటి రెండేళ్లు సివిల్ ఆఫీసులో చేరమంటాను. దీనికి ఒప్పుకోని మిత్రులు నాకున్నారు. నా వాదన ఏంటంటే, క్రిమినల్‌లో కట్ట పోలీసులు తయారుచేసి ఇస్తారు, ఎఫ్ఐఆర్, రిమాండ్ రిపోర్టు, ఛార్జిషీటు అన్నీ వాళ్లవే, నువ్వు అందులో తప్పులు వెతుకుతావు. సివిల్‌లో కట్ట నువ్వే పుట్టించాలి, తప్పులు నీవే అవుతాయి, బుద్ధి త్వరగా వస్తుంది.

ఎలా వస్తుందో చెప్తా. మూడో ఏడాదిలో ఒక ఇంజంక్షన్ దావా (అవతలివాళ్లను ఆపమని కోర్టు ఉత్తర్వు అడిగే దావా) నేనే డ్రాఫ్ట్ చేశాను. క్లయింటు ఎదురుగా కూర్చుని పొలం హద్దులు నోటితో చెబుతున్నాడు, తూర్పున పంటకాలువ అన్నాడు, రాసేశాను. రిజిస్టర్డ్ దస్తావేజు టేబుల్ మీదే ఉంది, అందులో తూర్పు హద్దు ఇంకొకరి పొలం. ఆయన చెప్పింది అబద్ధం కాదు, కాలువ ఆ తర్వాత తవ్వారు. కానీ ఆ ముక్క ప్లెయింటులో లేదు. ఫైలింగ్ సెక్షన్‌లో పట్టుకోలేదు, మా సీనియర్ కూడా నా మీద నమ్మకంతో షెడ్యూలు (ప్లెయింటు చివర ఉండే ఆస్తి వివరం) చూడలేదు. క్రాస్‌లో అవతలి లాయరు రెండే ప్రశ్నలు వేశాడు. మీ దస్తావేజులో కాలువ ఉందా? లేదు. దస్తావేజు భూమి, దావా భూమి ఒకటేనని చూపే కాగితం ఏదైనా వేశారా? లేదు. అంతే, కూర్చున్నాడు. మేము సవరణ పిటిషన్ వేద్దామంటే సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) ఆర్డర్ 6 రూల్ 17 అడ్డం, విచారణ మొదలయ్యాక అడిగితే, ముందే ఎంత శ్రద్ధ పెట్టినా తెలిసేది కాదని కోర్టును ఒప్పించాలి. దస్తావేజు మా టేబుల్ మీదే ఉంటే ఏ మొహం పెట్టుకుని ఒప్పిస్తాం? చివరికి అడ్వొకేట్ కమిషనర్‌ని (స్థలం చూసి రమ్మని కోర్టు పంపే లాయరు) వేయించి, సర్వేయర్‌తో కొలిపించి, ఏడాదిన్నర తిరిగాం. ఆ ఏడాదిన్నర ఆ రైతు తిరిగాడు, నేను కాదు. ఇప్పటికీ హద్దులు రాసేటప్పుడు దస్తావేజు మీద స్కేలు పెట్టి లైను లైనూ చూసి రాస్తాను, జూనియర్లు నవ్వుకుంటారు.

మొదటి రోజుల్లో నీకిచ్చే పని వాయిదా అడగడం. అదేముంది అనుకుంటావు. నేను మొదటిసారి లేచి "సీనియర్ వేరే కోర్టులో ఉన్నారు సార్, వాయిదా ఇప్పించండి" అన్నాను. జడ్జిగారు కట్టలోంచి తలెత్తి "దేనికి పోస్టయింది?" అన్నారు. నాకు తెలియదు. "ఇది ఎన్నో వాయిదా?" అదీ తెలియదు. అవతలివైపు ఎవరు? బెంచి క్లర్కు జాలిగా చూశాడు. వాయిదా వచ్చింది, కాస్టుతో, అంటే ఖర్చుల కింద డబ్బు కట్టమన్న షరతుతో వచ్చింది. విచారణలో ఒక పార్టీకి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని సీపీసీ ఆర్డర్ 17లోనే ఉంది, నేను కాలేజీలో దాని మీద షార్ట్ నోట్ కూడా రాశాను, మార్కులు కూడా వచ్చాయి! అప్పటినుంచి కోర్టుకెళ్లే ముందు చిన్న చీటీ మీద కేసు నంబరు, స్టేజి, పోయిన వాయిదాకు ఏం జరిగింది, అవతలి లాయరు పేరు, ఎందుకు అడుగుతున్నాం అన్నవి రాసుకుంటాను. ఇప్పుడైతే ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక నంబరు) కొడితే పాత వాయిదాలన్నీ వస్తాయి, మాకు ఆ సుఖం లేదు.

గుమస్తాగారిని సార్ అని పిలువు. ఎగతాళికి కాదు. కోర్టు ఫీజు లెక్క, బత్తా (సమన్లు పంపడానికి కట్టే రుసుము) ఎప్పుడు కట్టాలి, కాపీ అప్లికేషన్ ఎక్కడివ్వాలి, రిటర్న్ అయిన ప్లెయింటును గడువులోపు మళ్లీ ఎలా వెయ్యాలి, ఇవన్నీ నాకు నేర్పింది మా ఆఫీసు గుమస్తా. లా కాలేజీలో ఒక్కటి కూడా చెప్పలేదు.

తేదీల విషయంలో మాత్రం ఎవర్నీ నమ్మకు, నన్ను కూడా. చెక్కు బౌన్స్ కేసులు నీ చేతికి మొదట వచ్చేవాటిలో ఉంటాయి, ఎన్‌ఐ యాక్ట్ (చెక్కులు, ప్రామిసరీ నోట్ల చట్టం) 138. బ్యాంకు నుంచి చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అవతలివాడికి నోటీసు అందాక 15 రోజులు టైము. అప్పటికీ కట్టకపోతే అక్కడి నుంచి నెలలోపు కంప్లయింటు వెయ్యాలి. కంప్లయింటు ఆలస్యమైతే తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు, అదే చట్టం 142లో ఆ వెసులుబాటు ఉంది. నోటీసు ఆలస్యానికి అలాంటి వెసులుబాటు లేదు. రెండో ఏడాదిలో నేను నోటీసు తయారుచేసి, సంతకానికి పెట్టి, శని ఆదివారాలు అడ్డొచ్చి, పోస్టు చేసేసరికి 32వ రోజు. మా సీనియర్ తిట్టలేదు, "చెక్కు తేదీ ఎంత?" అని అడిగారు. చెక్కుకు అప్పట్లో ఆరు నెలల గడువు, ఇప్పుడు మూడే, అందులో ఇంకా రెండు వారాలుంది. మళ్లీ బ్యాంకులో వేయించారు, మళ్లీ తిరిగొచ్చింది, ఆ మెమో అందిన మర్నాడే నోటీసు వెళ్లింది. అలా రెండోసారి వేసి కేసు పెట్టొచ్చని ఆ తర్వాత 2012లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి చెప్పింది. ఆ రెండు వారాలు లేకపోతే క్లయింటు డబ్బు కోసం సివిల్ దావా వేసుకోవాల్సిందే. డైరీలో చివరి తేదీ రాసుకోకు, దానికి వారం ముందు తేదీ రాసుకో.

డబ్బు సంగతి దాచకుండా చెప్తా. నాకు మొదటి నెల సీనియర్ ఇచ్చింది 1,500 రూపాయలు, అదీ పెట్రోలుకని. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సర్క్యులర్ ఇచ్చింది. కానీ అది సిఫార్సు, చట్టం కాదు, చాలా ఆఫీసుల్లో ఆ ఊసే లేదు. చేరేటప్పుడే సిగ్గుపడకుండా అడుగు, ఎంత ఇస్తారు, ఏడాది తర్వాత సొంత కేసులు చేసుకోనిస్తారా అని. నా దగ్గర అడిగిన జూనియర్లను నేను తప్పుపట్టలేదు. ఇంట్లోవాళ్లతో కూడా ఇప్పుడే మాట్లాడు, రెండేళ్లు నెలకు ఇంత కావాల్సి ఉంటుందని. చెప్పకుండా చేరి, ఆరో నెలలో "ఇంకా ఏమీ రావట్లేదా?" అన్న ప్రశ్నకు తలదించుకుని ప్రాక్టీసు మానేసినవాళ్లు నాకు తెలుసు, మంచి బుర్రలు వాళ్లవి. పగలు జీతానికి ఉద్యోగం చేస్తూ ఎన్‌రోల్‌మెంట్ కూడా ఉంచుకుందామనుకోకు, ఫుల్‌టైం ఉద్యోగికి ప్రాక్టీసు చేసే వీలు లేదు. న్యాయసేవాధికార సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసుల్లో మూడేళ్లలోపు ప్రాక్టీసు ఉన్నవాళ్లను అసిస్టెంట్లుగా తీసుకుంటారు, నోటిఫికేషన్లు చూస్తూ ఉండు, క్రిమినల్ ఇష్టమన్నావు కాబట్టి నీకు బాగా పనికొస్తుంది. జడ్జి పరీక్ష మనసులో ఉంటే, మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే 20న మళ్లీ తెచ్చింది, కాబట్టి కోర్టు తప్పించుకుని కోచింగు గదిలో కూర్చునే దారి మూసుకుంది. నా దృష్టిలో మంచిదే అయింది.

క్లయింటు ఇచ్చిన కోర్టు ఫీజు డబ్బు నీది కాదు, వేరే కవర్లో పెట్టు. ఒరిజినల్ దస్తావేజులు తీసుకుంటే రసీదు ఇవ్వు, తిరిగిచ్చేటప్పుడు సంతకం తీసుకో. "కేసు గెలిపిస్తా" అనకు. రీల్స్ పెట్టి కేసులు రమ్మనకు, బార్ కౌన్సిల్ రూల్ 36 ప్రకటనలను ఒప్పుకోదు, ఈమధ్య కుర్రాళ్లు ఇది తెలిసీ చేస్తున్నారు. ఇంకొకటి, ఏఐ ఇచ్చిన తీర్పుల పేర్లు అలాగే పిటిషన్‌లో పెట్టకు. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు అలాగే లేని తీర్పులు చూపించి 5,000 డాలర్లు జరిమానా కట్టారు. తీర్పు తెరిచి, నీకు కావాల్సిన పేరా చదివి, అప్పుడు రాయి.

ఈ సెలవుల్లో ఏం చెయ్యాలి అని చివర్లో అడిగావు కదా. మీకు దగ్గర్లోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్లి, అప్పుడే సాక్ష్యం మొదలవుతున్న ఒక ఇంజంక్షన్ దావా చూసుకో, నంబరు రాసుకో. ప్రతి వాయిదాకు వెళ్లి కూర్చో, వెళ్లలేనప్పుడు యాప్‌లో ఏం జరిగిందో చూడు. వాది క్రాస్ అయ్యేలోపు సీపీసీలో ఇంజంక్షన్ల గురించిన ఆర్డర్ 39 మొదటి రెండు రూల్సూ చదివి ఉండు. క్రాస్‌లో వేసిన ప్రశ్నలు వీలైనన్ని రాసుకొచ్చి ఇక్కడే పెట్టు, ఏ ప్రశ్న ఎందుకు వేశారో అప్పుడు మాట్లాడుకుందాం.